బద్ధకం కాదమ్మా, థైరాయిడ్!

నేను తగరపువలసలో జాకెట్లు కుడతాను. మెడలో టేపు వేసుకుని ఇరవై ఏళ్లు దాటింది. గుమ్మంలో మనిషి నిలబడితే చాలు, ఛాతీ ఎంత, నడుం ఎంత, చేతికి లూజు ఎంత వదలాలో కంటికే తెలిసిపోతుంది. అలాంటిది, నా ఒంటి కొలత నాకే అంతుబట్టని రెండేళ్లున్నాయి. వాటి గురించి రాయమని మా మేనకోడలు ఎన్నాళ్ల నుంచో పోరు పెడుతోంది. తన సంగతి కూడా ఇందులో కొంత వస్తుంది కాబట్టి అడిగే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను.

2012 దసరాకు కుట్టుకున్న జాకెట్టు సంక్రాంతికి పట్టలేదు. పక్క కుట్టు విప్పి లోపలి మడతలోంచి అరంగుళం వదిలాను. ఉగాదికి ఇంకో అరంగుళం. ఆ తర్వాత వదలడానికి గుడ్డ లేదు. తిండి పెరిగిందా అంటే అదీ లేదు, రాత్రిళ్లు కాస్త మజ్జిగన్నంతో సరిపెట్టేదాన్ని. గాజులు మణికట్టు దగ్గరకు రావడం మానేశాయి. దువ్వెన నిండా జుట్టే. కనుబొమల చివర్లు ఎవరో రబ్బరుతో చెరిపేసినట్టు పలచబడ్డాయి. గొంతు ఎంత బొంగురుపోయిందంటే, ఫోనెత్తితే అవతలివాళ్లు నన్ను మా ఆయనే అనుకుని "అమ్మగారున్నారాండీ?" అని అడిగేవారు.

వీటన్నిటిలో చలి ఒక్కటే నవ్వుకునే సంగతి. మే నెలలో మా ఊళ్లో ఉక్క ఎలా ఉంటుందో ఇటువైపువాళ్లకు చెప్పక్కర్లేదు. పక్కనే గోస్తని, కాస్త అవతల భీమిలి సముద్రం. గాలిలో తడే తప్ప చల్లదనం ఉండదు. ఇంటిల్లిపాదీ ఫ్యాను కింద చేరితే నేను దుప్పటి కప్పుకుని, ఫ్యాను ఆపమని గొడవ. "అమ్మకి ఊటీ వచ్చింది" అని మా అబ్బాయి వేళాకోళం.

నీరసం మాత్రం నవ్వుకునేది కాదు. పొద్దున్న లేచేసరికే, రోజంతా ఊడుపులు ఊడ్చి వచ్చినట్టుండేది. మిషను మీద కూర్చుంటే పాదం ఆడేది కాదు. వేళ్లు తిమ్మిరెక్కి సూదిలో దారం ఎక్కించడానికి నాలుగుసార్లు పట్టేది. రోజుకు ఆరు జాకెట్లు కుట్టే చేతికి రెండు గగనమైపోయాయి. పెళ్లిళ్ల రోజుల్లో ఇచ్చిన గుడ్డలు వెనక్కి తీసుకుపోయినవాళ్లున్నారు. మా అత్త మంచి మనిషే. అయినా "ఏటమ్మా, పడుకుంటే పనులవుతాయేటి?" అనే మాట రోజూ వినబడేది. ఆమెను తప్పు పట్టను. చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడ్డాక మా ఆయన జీతం ఆగిపోయింది. నా మిషను తిరిగితేనే ఇల్లు నడిచే రోజులవి. అందరూ నాది మిల్లు బెంగ అనుకున్నారు. ఊరందరికీ ఉన్నదే నాకూ ఉందనుకున్నారు. దగ్గర్లో ఒక డాక్టరు బలానికి టానిక్కు రాశాడు. ఇంకొకాయన తిండి తగ్గించమన్నాడు.

చివరికి 2014 ఆగస్టులో బస్సెక్కి, ఆనందపురం, మధురవాడ మీదుగా విశాఖపట్నం వెళ్లి ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆవిడ ముందు నా మాట మొత్తం విన్నారు. మెడ మీద వేళ్లు ఆనించి గుటక వెయ్యమన్నారు. కుర్చీ మీద మోకాళ్ల మీద నిలబెట్టి, మడమ వెనక చిన్న సుత్తితో తట్టారు. పాదం చటుక్కున కదిలింది కానీ, వెనక్కి మాత్రం నింపాదిగా వచ్చింది. "చూశారా, మీ పాదం కూడా తీరిగ్గా వస్తోంది" అని నవ్వారు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 48 వచ్చింది. ఇంకో పరీక్ష, యాంటీ టీపీవో అంటారు, అదీ బాగా ఎక్కువే. చీటీ మీద 'హషిమోటో థైరాయిడైటిస్' అని రాశారు. "ఇది మీ బద్ధకం కాదమ్మా. మీరు ఏదో తినడం వల్లా రాలేదు, తినకపోవడం వల్లా రాలేదు" అన్నారు.

మాత్ర మొదలుపెట్టకముందే ఆ మాటకే సగం బరువు తగ్గినట్టయింది నాకు.

సైరన్ మోత

థైరాయిడ్ అంటే మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి. బరువు ఇరవై గ్రాములకు కాస్త అటూ ఇటూ. అది తయారుచేసే హార్మోనే గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో, పేగు ఎంత వేగంగా కదలాలో, ఒంట్లో వేడి ఎంత పుట్టాలో చెబుతుంది. అది తగ్గితే అన్నీ మందగిస్తాయి. గుండె, పేగు, చర్మం, జ్ఞాపకం, నెలసరి, ఏదీ మినహాయింపు కాదు. అందుకే ఒక్కో లక్షణం విడిగా చూస్తే ఏదో మామూలు బాధలా ఉంటుంది, జబ్బు పేరు తట్టదు.

టీఎస్‌హెచ్ దగ్గరే చాలామంది తికమకపడతారు. అది ఎక్కువుంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తున్నట్టే కదా అంటారు. కాదు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదు, తలలో ఉన్న పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు వేసే కేక. మిల్లు సైరన్ వింటూ బతికినవాళ్లం కాబట్టి నేను అలాగే అర్థం చేసుకున్నాను. లోపల పని నడవకపోతే సైరన్ మళ్లీ మళ్లీ మోగిస్తారు. ఎంత గట్టిగా మోగుతుంటే లోపల అంత ఖాళీ అన్నమాట. మామూలుగా నాలుగు, నాలుగున్నర లోపుండే నా సైరన్ 48 దగ్గర మోగుతోంది.

మరి లోపల ఎందుకు ఖాళీ అయింది? ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే థైరాయిడ్‌ను పరాయిదనుకుని మెల్లగా దెబ్బతీస్తాయి. ఏళ్ల తరబడి, నొప్పి కూడా లేకుండా. జపాన్‌కు చెందిన హకారు హషిమోటో అనే యువ డాక్టరు 1912లో నలుగురు ఆడవాళ్ల థైరాయిడ్ గ్రంథుల్ని సూక్ష్మదర్శినిలో చూసి, ఇది అప్పటిదాకా ఎవరూ చెప్పని జబ్బని ఒక జర్మన్ పత్రికలో రాశాడు. తర్వాత సొంత ఊరు వెళ్లి అక్కడే వైద్యం చేసుకుంటూ 1934లో టైఫాయిడ్‌తో పోయాడు. ఒంటి కాపలాదారులే ఈ పని చేస్తున్నారని శాస్త్రవేత్తలు కనిపెట్టింది 1956లో. తను చూసిందేమిటో పూర్తిగా తెలియకుండానే ఆయన వెళ్లిపోయాడన్నమాట. ఇప్పటికీ ఈ జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎన్నో రెట్లు ఎక్కువ.

సముద్రం పక్కన అయొడిన్ లోటా?

జబ్బు పేరు తెలిశాక ఇంటికొచ్చినవాళ్లందరూ వైద్యులైపోయారు. "భీమిలి చేపలు తినేవాళ్లకి థైరాయిడేటి? ఉప్పు మార్చు" అన్నారు. కొందరు అయొడిన్ చుక్కలు కొనమన్నారు. ఇక్కడ మన ప్రాంతపు మనిషి ఒకరిని తలచుకోవాలి. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరయ్యారు. ఆయన బృందం 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అక్కడ మెడలు ఉబ్బిన మనుషులు ఊరూరా ఉండేవారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. కొన్నేళ్లలో ఆ రెండు భాగాల్లో గళగండం బాగా తగ్గింది. 1962లో దేశమంతటికీ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. ఇవాళ మన వంటింట్లో ఉన్న అయొడిన్ ఉప్పు వెనక ఆయన చెయ్యి ఉంది.

అయితే ఆ లోయ జబ్బు వేరు, నా జబ్బు వేరు. వాళ్లకు సరుకు అందక మిల్లు ఆగింది. నాకు సరుకుంది, మిల్లే దెబ్బతింది. దెబ్బతిన్న మిల్లు ముందు ఇంకో నాలుగు లారీల సరుకు దింపి ఏం లాభం? హషిమోటో ఉన్నవాళ్లకు అవసరానికి మించిన అయొడిన్ చెరుపు కూడా చెయ్యొచ్చని డాక్టరమ్మ హెచ్చరించారు. మామూలు అయొడిన్ ఉప్పు, మామూలుగా వాడుకుంటే చాలు. 2013లో అచ్చయిన ఒక పరిశీలనలో, హైదరాబాదుతో సహా మన దేశంలోని ఎనిమిది నగరాల్లో ఐదు వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షిస్తే, నూటికి దాదాపు పదకొండు మందికి థైరాయిడ్ మందగించి ఉంది. వాళ్లందరి ఇళ్లలోనూ ఉప్పు ఉండే ఉంటుంది కదా.

కాబేజీ మానెయ్యమని మరికొందరు. ఉడికించి, మామూలు మోతాదులో తింటే ఏమీ కాదు. ధనియాల నీళ్లు తాగమన్నారు. తాగుతాను, బావుంటాయి. టీఎస్‌హెచ్ మాత్రం వాటి మాట వినదు.

పొద్దుటి గంట

మందు ఒక్కటే, లెవోథైరాక్సిన్. గ్రంథి చెయ్యలేకపోతున్న హార్మోనునే మాత్రగా మింగడం. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు ఇదే జబ్బుతో ఉబ్బిపోయిన ఒకావిడకు గొర్రెల థైరాయిడ్ రసం ఎక్కించాడు. చావుకు దగ్గరపడిన ఆవిడ మరో ఇరవై ఎనిమిదేళ్లు బతికింది. అందుకు ఎనిమిది వందలకు పైగా గొర్రెలు కావలసి వచ్చాయట! 1927లో ఈ హార్మోనును ప్రయోగశాలలో తయారుచెయ్యడం తెలిసింది కాబట్టి మనం గొర్రెల జోలికి పోనక్కర్లేదు. నేను వేసుకునేది 75 మైక్రోగ్రాములు. ముప్ఫై ఏళ్లు రోజూ వేసుకున్నా అసలు మందు మొత్తం ఒక గ్రాము నిండదు. "జీవితాంతం మందులా?" అని భయపడేవాళ్లకు ఈ లెక్క చెబుతుంటాను.

కష్టం మాత్రతో కాదు, దాని చుట్టూ ఉన్న గంటతో. పరగడుపున నీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట, వీలైతే గంట దాకా టీ, కాఫీ, టిఫిను, ఏమీ కూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలైతే నాలుగు గంటల ఎడం. చెప్పడానికి సులువే. కానీ మన ఇళ్లలో ఆడదాని పొద్దు ఎవరి చేతిలో ఉంటుంది? అందరికీ టీ పెట్టి, తను మాత్రం గంట ఆగడమంటే చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూస్తారు. వీధి చివర పిన్ని ఒకామె టీలోనే మాత్ర ముంచుకుని వేసుకునేది. పరీక్షలో ఎప్పుడూ తేడానే. పరగడుపున కుదరకపోతే, రాత్రి భోజనమైన మూడు గంటలకు వేసుకోవచ్చని డాక్టరమ్మ చెప్పారు. ఆ పిన్ని ఇప్పుడలాగే చేస్తోంది.

మా ఇంట్లో చోడి అంబలి అలవాటు. చోళ్లలో కాల్షియం ఎక్కువ. మానెయ్యక్కర్లేదు, ఎండెక్కాక తాగుతాను. టీ పని మా అత్త తీసుకుంది. అడగలేదు నేను. ఒకరోజు లేచేసరికి గిన్నె పొయ్యి మీదుంది, "నువ్వు మాత్రేసుకో" అంది, అంతే.

ఇంకో సంగతి. మాత్ర వేసుకున్న వారానికే ఒళ్లు తేలికవుతుందనుకుంటే నిరాశే. మోతాదు సరిపోయిందో లేదో తెలియడానికి ఆరు వారాలు పడుతుంది. నాకు 50తో మొదలుపెట్టారు. రెండోసారి పరీక్ష చేయించుకోవాల్సిన వారంలోనే, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. కరెంటు లేదు, మందుల షాపుల్లేవు, దారుల నిండా చెట్లు. సీసాలో నాలుగే మాత్రలు. కంగారు పడ్డాను కానీ, ఈ మందు ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుందని డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది. రెండు మూడు రోజులు తప్పినా కొంప మునగదు. అప్పటినుంచీ ఇంట్లో ఒక నెల సరుకు ఎక్కువే ఉంచుతున్నాను. మన సముద్రపు గాలికి తేమ తగలకుండా మాత్రలు వాటి సీసాలోనే, మూత బిగించి, పొయ్యికి దూరంగా పెడతాను. ఎప్పుడూ ఒకే కంపెనీవే కొంటాను.

ఆ నిదానమే ప్రమాదం కూడా. మాత్ర మానేసినా మొదటి కొన్ని వారాలు ఏమీ తెలియదు. "చూశావా, మానేశాను, బాగానే ఉన్నాను" అంటారు. ఇలా మానేసినవాళ్లను చాలామందిని చూశాను.

అయిదారు నెలలకు నా జాకెట్టు కొలత ఒక అంగుళం తగ్గింది. రెండోది తగ్గలేదు. ఉన్నమాట చెప్పాలి కదా. మాత్రతో సన్నబడిపోతామని ఆశపెట్టడం అన్యాయం. వాపు పోతుంది, మిగతాది నడకతో, తిండితో చూసుకోవాల్సిందే. నీరసం పూర్తిగా పోకపోతే రక్తహీనత, బి12 కూడా చూడాలి. నాకు బి12 తక్కువే ఉంది. జుట్టుకని బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అది రక్తపరీక్ష లెక్కల్నే తారుమారు చేస్తుంది.

దాచిన సీసా

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి పెళ్లి జాకెట్లు నేనే కుట్టాను. తనకు థైరాయిడ్ ఉందని అత్తవారికి తెలియకూడదని పుట్టింటివాళ్లు మాత్రల సీసా తమ దగ్గరే ఉంచేసుకున్నారు. "వచ్చినప్పుడు వేసుకుందువుగాని" అన్నారట. నాలుగో నెలలో అవే జాకెట్లు వదులు చెయ్యమని తెచ్చింది. టేపు పట్టగానే అర్థమైంది. మొహం కూడా ఉబ్బి ఉంది. అప్పటికే గర్భం ఒకటి నిలవలేదు. దానికి మాత్ర మానెయ్యడమే కారణమని నేను చెప్పలేను. అయితే మొదటి మూడు నెలలు కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచెయ్యదు, తల్లి హార్మోను మీదే ఆధారపడుతుంది. ఆ సమయంలో తల్లి మోతాదు తగ్గడం కాదు, పెంచాల్సి వస్తుంది. సీసా దాచడమంటే ఏం దాస్తున్నారో ఆ పెద్దవాళ్లకు తెలియదు.

ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి మా అన్నయ్య కూతురికి పరీక్ష చేయించమని పట్టుబట్టాను. 2018లో టీఎస్‌హెచ్ 14 వచ్చింది. అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. మా వదిన "పెళ్లయ్యేదాకా నోరెత్తకు" అంది. మొదటి సంబంధం వాళ్లు మాటల్లో అడిగితే నేను ఉన్నది చెప్పాను. వాళ్లు మళ్లీ ఫోను చెయ్యలేదు. మా వదిన నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె బాధ నాకు తెలుసు. కానీ రోజూ పొద్దున్న దొంగతనంగా మాత్ర మింగే ఇంట్లో ఆ పిల్ల ఎన్నేళ్లు బతకాలి?

గాజువాక సంబంధం వచ్చినప్పుడు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పిల్లే అబ్బాయికి చెప్పేసింది. అతను "దానికేముంది" అన్నాడట. వాళ్లమ్మ మాత్రం "పిల్లలు పుడతారా?" అని సూటిగా అడిగింది. మంచి ప్రశ్నే. ఆవిడనే మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. మందు సరిగ్గా వాడుతూ, పరీక్షలు చేయించుకుంటే మామూలుగానే కాన్పులవుతాయని ఆవిడకు అక్కడే చెప్పారు. 2020 ఫిబ్రవరిలో, కోవిడ్ లాక్‌డౌన్‌కు నెల ముందు, పెళ్లయింది. సీసా వాళ్ల వంటింట్లో ఉప్పు డబ్బా పక్కనే ఉంటుంది, నేను చూశాను.

2022లో నెల తప్పిందని తెలిసిన రోజే పరీక్షకు వెళ్లింది. 75 ఉన్న మోతాదు 100 చేశారు, నెలనెలా చూశారు. కాన్పయ్యాక మళ్లీ 75కు దించారు. ఆడపిల్ల. పుట్టగానే బిడ్డకూ థైరాయిడ్ పరీక్ష చేశారు, బాగానే ఉంది.

ఇప్పుడు జాకెట్టుకు మెడ కొలత తీసేటప్పుడు నా కళ్లు అప్రయత్నంగా గొంతు మీదకు పోతాయి. కాస్త ఉబ్బెత్తుగా కనబడితే, "ఈ మధ్య చలిగా ఉంటోందా? జుట్టు రాలుతోందా?" అని అడుగుతాను. కొందరు నవ్వేస్తారు, కొందరు చేయించుకుంటారు. వాళ్లలో ఇద్దరికి నాలాగే వచ్చింది, ముగ్గురికి ఏమీ లేదు. ఏమీ లేని ముగ్గురిలో ఒకామె "నీ మాట విని పరీక్ష డబ్బులు దండగ" అని ఇప్పటికీ దెప్పుతుంది. కానీ జాకెట్లు మాత్రం నాకే ఇస్తుంది.